మీటలు నొక్కనిచ్చిన మ్యూజియం

పిల్లలూ! అమెరికా దేశపు పటం తీసి వాయవ్యమూలన చూడండి. పసిఫిక్ మహాసముద్రం నేలలోకి పాయలుగా చొచ్చుకువచ్చిన చోట సియాటిల్ అనే రేవుపట్టణం కనిపిస్తుంది. ఏడాదిలో చాలా రోజులు అక్కడ సన్నని తుంపర పడుతూనే ఉంటుంది. మబ్బు విడిచిన రోజున మాత్రం, ఊరికి ఆగ్నేయంగా రెయినియర్ అనే మంచుకొండ బోర్లించిన వెండిగిన్నె లాగా మెరుస్తుంది. ఆ ఊరి చుట్టుపక్కల కంప్యూటరు కంపెనీలలో పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా అమ్మాయీ అల్లుడూ కూడా ఆ పని మీదనే అక్కడ ఉన్నారు. అందువల్ల 2019 వేసవిలో నేను అక్కడ రెండు నెలలు గడిపాను.

ఆకాశంలోకి లేచిన స్పేస్ నీడిల్ గోపురం గురించి, చేపలను గాలిలోకి విసిరి పట్టుకునే సంత గురించి మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పబోయే చోటు వేరు. ఊరికి దక్షిణాన గిడ్డంగులూ రైలుపట్టాలూ ఉండే పేటలో, ఫస్ట్ అవెన్యూ సౌత్ అనే వీధిలో, అప్పట్లో ఒక మ్యూజియం ఉండేది. దాని పేరు "లివింగ్ కంప్యూటర్స్", అంటే బ్రతికి ఉన్న కంప్యూటర్లు.

మ్యూజియం అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. అద్దాల బీరువా, దానికి తాళం, పక్కన "తాకరాదు" అనే అట్ట! ఇక్కడ సంగతి తలకిందులు. యాభై అరవై ఏళ్ళనాటి యంత్రాలు కరెంటు పెట్టుకుని హోరుమంటూ నడుస్తుండేవి. వచ్చినవాళ్ళు కుర్చీ లాక్కుని కూర్చుని మీటలు నొక్కవచ్చు. ఎవరూ కోప్పడరు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక పాఠశాలలో మంచి మైక్రోస్కోపు ఉండేది. పిల్లలు తాకితే పాడవుతుందని దాన్ని బీరువాలోంచి తీసేవారు కారు. తనిఖీ అధికారి వచ్చిన రోజున మాత్రం బల్లమీద పెట్టి, సాయంత్రం మళ్ళీ లోపల పెట్టేవారు. మూడు వానాకాలాలు గడిచేసరికి దాని అద్దాలకు బూజు పట్టింది. ఎవరూ తాకకుండానే అది పాడైంది. అందుకే సియాటిల్‌లోని ఆ మ్యూజియం గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఈ మ్యూజియం పెట్టినవాడు పాల్ ఆలెన్. ఆయన సియాటిల్‌వాడే. 1968లో ఆయన లేక్‌సైడ్ అనే బడిలో చదువుతుండగా, ఆ బడి పిల్లల తల్లులు ఒక సంఘంగా చేరి పాతసామాన్లు అమ్మి డబ్బు పోగుచేశారు. ఆ డబ్బుతో బడిలో ఒక టెలిటైపు యంత్రం పెట్టించారు. అది టెలిఫోను తీగ ద్వారా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుతో మాట్లాడేది. దాని ముందు రోజంతా కదలకుండా కూర్చున్న పిల్లలలో ఆలెన్ ఒకడు. అతనికంటె చిన్నవాడైన బిల్ గేట్స్ ఇంకొకడు. ఈ ఇద్దరే 1975లో మైక్రోసాఫ్ట్ కంపెనీ పెట్టారు. ఆలెన్ పెద్ద ధనవంతుడయ్యాక, చిన్ననాడు తాను వాడిన రకం యంత్రాలను వెతికించి, బాగుచేయించి, 2012లో ఈ మ్యూజియం తెరిచాడు. 2018లో ఆయన చనిపోయాడు. నేను వెళ్ళింది ఆ మరుసటి ఏడాది.

పాత యంత్రాలన్నీ మేడమీద ఉండేవి. అద్దాల గదిలో బీరువాలంత కంప్యూటర్లు. వాటిని చల్లగా ఉంచే గాలిమరల హోరు. ఇంత పెద్ద యంత్రాన్ని ఒక్కొక్కరి బల్లమీద పెట్టడం కుదరదు గదా! అందుకని కంప్యూటరు ఒకచోట ఉండేది. దాని నుంచి తీగలు లాగి, తీగ చివర ఒక కీబోర్డు, రాత చూపడానికి కాగితమో తెరో పెట్టేవారు. రైలుమార్గం చివరి స్టేషనును టెర్మినస్ అంటారు. అలాగే తీగ చివర ఉండే ఈ పరికరానికి టెర్మినల్ అని పేరు వచ్చింది. పెద్ద కంప్యూటర్లను చూడడానికి వచ్చిన నేను చివరకు ఈ టెర్మినళ్ళ కీబోర్డుల దగ్గరే ఆగిపోయాను.

మొదట కూర్చున్నది మోడల్ 33 టెలిటైపు ముందు. ఇది 1963లో వచ్చింది. తెర లేదు, చుట్టగా ఉన్న కాగితం మీద అచ్చుకొడుతుంది. మీట నొక్కాలంటే బలం కావాలి. పైనుంచి వేలు లోతుగా దిగుతుంది, అడుగున ఏదో ఇనుము కదిలినట్లు తెలుస్తుంది. నిజంగానే కదులుతుంది! మీటల అడుగున అడ్డంగా పొడుగాటి పట్టీలు ఉన్నాయి. వాటికి తాళంచెవి పళ్ళలాగా గాట్లు ఉన్నాయి. ఏ మీట నొక్కితే ఏ పట్టీ జరగాలో, ఏది జరగకూడదో ఆ గాట్లే నిర్ణయిస్తాయి. జరిగిన పట్టీ ఒకటి, జరగని పట్టీ సున్న. ఆ ఒకట్లూ సున్నలూ చీమలబారులాగా ఒకదాని వెనుక ఒకటి తీగలోకి పోతాయి. సెకనుకు 10 అక్షరాలు. అంతకంటె వేగం లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఏడుగురు పిల్లలను వరుసగా నిలబెట్టి, ఎడమ నుంచి 64, 32, 16, 8, 4, 2, 1 అని వాళ్ళకు విలువలు ఇవ్వండి. చెయ్యి ఎత్తినవాళ్ళ విలువలు మాత్రమే కూడాలి. మొదటివాడూ చివరివాడూ చెయ్యి ఎత్తితే 65. అదే పెద్దబడి A. B కి 66, C కి 67, ఇలా వరుస. మీటల మధ్య ఉండే కంట్రోల్ అనే మీట ఏం చేస్తుందంటే, 64 విలువగల పిల్లవాడి చెయ్యి దింపేస్తుంది. G అక్షరానికి విలువ 71. కంట్రోల్ పట్టుకుని G నొక్కితే 64 పోయి 7 మిగులుతుంది. 7 అనే సంఖ్య అందితే ఆ యంత్రం అక్షరం కొట్టకూడదు, గంట కొట్టాలి. ఇది 1963లో మొదట ఏర్పడిన ఆస్కీ అనే సంకేతాల పట్టికలోని ఏర్పాటు.

నాతో వచ్చిన మా మనవరాలికి ఇది చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు. "తాతయ్యా, అక్షరంలో గంట ఎలా ఉంటుంది?" అన్నది. నొక్కి చూడమన్నాను. ఠంగుమని యంత్రం లోపల నిజం గంట మోగింది. బొమ్మ గంట కాదు, చప్పుడు నటించడం కాదు, కంచు మోగినట్లే మోగింది. తరువాత ఎన్నిసార్లు మోగించిందో లెక్కపెట్టలేదు. పక్కన నిలబడిన మ్యూజియం మనిషి చిరునవ్వు నవ్వుతూ ఊరుకున్నాడు.

తరువాత వచ్చిన టెర్మినళ్ళలో కాగితానికి బదులు తెర వచ్చింది. అడుగున ఇనుప పట్టీలు పోయి సన్నని రాగి గీతలు వచ్చాయి. 1978లో వచ్చిన వీటీ-100 చాలా పేరుపొందింది. దాని కీబోర్డు తెర నుంచి విడిగా, మెలికల తీగతో ఉంటుంది. నేటి కంప్యూటర్ల కీబోర్డులు ఇంచుమించు ఆ పోలికలోనివే.

ఒక్కొక్క మీటకు ఒక్కొక్క తీగ పెడితే 64 మీటలకు 64 తీగలు కావాలి. అంత అక్కరలేదు. మీ తరగతిలో కూర్చున్నవాళ్ళను "మూడో వరుస, ఐదో బెంచీ" అని చెప్పవచ్చు గదా! అలాగే మీటలను 8 నిలువు వరుసలు, 8 అడ్డు వరుసలుగా కలిపితే 16 తీగలతోనే పని జరుగుతుంది. యంత్రం తెరపి లేకుండా హాజరు పిలుస్తూ ఉంటుంది: "ఒకటో వరుసలో ఎవరైనా? రెండో వరుసలో ఎవరైనా?" ఎంత వేగంగా పిలుస్తుందంటే, మనం మీట నొక్కి వేలు తీసే లోపల అది చాలాసార్లు అన్ని వరుసలూ పిలిచేస్తుంది.

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, మీట లోపలి లోహపు రేకులు ఒకదాన్నొకటి తాకగానే రబ్బరు బంతిలాగా కొద్దిగా ఎగురుతాయి. మనకు తెలియదు గాని, యంత్రానికి ఒక A కు బదులు నాలుగు A లు వినిపిస్తాయి. అందుకని అది సెకనులో కొన్ని వేలవ వంతులు ఆగి, మళ్ళీ అడిగి, నిజమేనని తేల్చుకుంటుంది. రెండోది ఇంకా తమాషా అయినది. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో ఉన్న మీటలలో మూడింటిని ఒకేసారి నొక్కితే, నొక్కని నాలుగోది కూడా నొక్కినట్లే యంత్రానికి కనిపిస్తుంది. ఇంజనీర్లు దీన్ని దయ్యపు మీట అంటారు. మూడు మీటల గుండా కరెంటు చుట్టుతిరిగి రావడమే దానికి కారణం. కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడు అనే చిన్న పూస ప్రతి మీటకూ తగిలిస్తే ఆ దయ్యం వదులుతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటె ఎక్కువసేపు నిలబెట్టిన దాని దగ్గరికి వస్తాను. అది 1976 నాటి ఆపిల్-1. దాన్ని తయారుచేసిన స్టీవ్ వాజ్నియాక్ అంతకుముందే, టెలివిజను పెట్టెనే తెరగా వాడుకునే టెర్మినల్ ఒకటి తన కోసం చేసుకున్నాడు. తీగ చివర దూరాన ఉండే కంప్యూటరును కూడా తెచ్చి అదే పలక మీద కూర్చోబెడితే ఏం? అలా పుట్టింది ఆపిల్-1. దాని ధర 666 డాలర్ల 66 సెంట్లు. ఆ ధరకు వచ్చేది పలక ఒక్కటే! పెట్టె ఇవ్వరు, తెర ఇవ్వరు, కీబోర్డు కూడా ఇవ్వరు. కొన్నవాడే ఎక్కడినుంచో ఒక కీబోర్డు తెచ్చుకుని మాటు వేసి తగిలించుకోవాలి. మొత్తం చేసినవి రెండు వందలు. ఈ మ్యూజియంలో ఒకటి పనిచేసే స్థితిలో పెట్టి, దానిమీద కూడా వచ్చినవాళ్ళను టైపు చేయనిచ్చేవారు.

పలకను వంగి చూశాను. దానిమీది రాగి గీతలు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి పోతున్నాయి. అడ్డంకి రాగానే పక్కకు తప్పుకుని మళ్ళీ దారిన పడుతున్నాయి. నాకు వెంటనే సంక్రాంతినాటి చుక్కల ముగ్గు గుర్తుకు వచ్చింది. చుక్కలున్నాయి, చుక్కలను చుట్టిపోయే గీతలున్నాయి. ఒక్క తేడా మాత్రం ఉంది. మెలికల ముగ్గులో గీత మీదుగా గీత దాటవచ్చు, అదే దాని అందం. ఇక్కడ గీతను గీత తాకిందా, కరెంటు దారి తప్పి యంత్రం చెడిపోతుంది.

అదెంత కష్టమో మీరే చూడండి. కాగితం మీద పైన మూడు ఇళ్ళు, కింద మూడు బావులు వేయండి. ప్రతి ఇంటినుంచి మూడు బావులకూ దారి గీయాలి. మొత్తం తొమ్మిది దారులు. ఏ రెండు దారులూ దాటకూడదు. ఎనిమిది సులభంగానే వస్తాయి. తొమ్మిదోది మాత్రం రాదు. ఎంత తెలివిగలవాడికీ రాదు. రాదని గణితశాస్త్రజ్ఞులు రుజువు చేశారు. అయితే కాగితానికి ఒక రంధ్రం పొడిచి, తొమ్మిదో దారిని వెనుకవైపుకు దించి, అటునుంచి పోనిచ్చి, ఇంకొక రంధ్రంలోంచి పైకి తేవచ్చు. సర్క్యూట్ బోర్డుకు రెండు పక్కలా రాగి ఉండడానికీ, దానిలో అన్ని సన్నని రంధ్రాలు ఉండడానికీ కారణం ఇదే.

తీగలకు బదులు రాగిరేకు గీతలు వాడే పద్ధతిని, ఆస్ట్రియా నుంచి లండనుకు వచ్చిన పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు 1936 ప్రాంతంలో రేడియోపెట్టెలో చేసి చూపాడు. ఆ తరువాత అర్ధ శతాబ్దం దాకా ఈ ముగ్గులను మనుషులే చేతితో వేశారు. అడుగున దీపాలున్న అద్దపు బల్లమీద, అవతలిది కనిపించే ప్లాస్టిక్ షీటు పరుస్తారు. చుక్కల చోట నల్లని గుండ్రటి బిళ్ళలు అతికిస్తారు. చుక్కకూ చుక్కకూ మధ్య గీతలు సిరాతో గీయరు. సన్నని నల్లటి జిగురుపట్టీని వేలితో వంచుతూ అతికించి, చివర చిన్న కత్తితో కోస్తారు. తప్పు వస్తే ఊడబీకి మళ్ళీ అతికించాలి. ఈ బొమ్మను అసలు బోర్డుకు రెండింతలో నాలుగింతలో పెద్దదిగా వేస్తారు. తరువాత ఫొటో తీసి చిన్నది చేసినప్పుడు, చేతి వణుకు కూడా దానితోపాటు చిన్నదైపోతుంది! ఆ ఫొటోను రాగిరేకు మీదికి దించి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచితే, గీతలున్న చోట రాగి నిలుస్తుంది, తక్కినది కరిగిపోతుంది.

ఆపిల్-1 ముగ్గు వేసినవాడు హోవర్డ్ కాంటిన్. వాజ్నియాక్ పేరు లోకమంతా ఎరుగును, కాంటిన్ పేరు ఎరిగినవారు బహు కొద్దిమంది. ఇది నాకు బాగులేదు. చాలా బోర్డులకు ఆ మాత్రం పేరు కూడా దొరకదు. కొన్నిటికి మాత్రం ఒక మూలన, రాగిలోనే, గీసినవారి పొడి అక్షరాలు రెండు కనిపిస్తాయి. ఈ పని ఎంత పట్టుదలతో కూడినదో వాజ్నియాక్‌కు కూడా అనుభవమే. 1978లో డిస్కు యంత్రానికి ఒక చిన్న బోర్డు ఆయనే వేశాడు. వేయడం పూర్తయ్యాక, భాగాల వరుస కొంచెం మార్చితే రంధ్రాలు ఇంకా తగ్గుతాయని తోచింది. అంతా తీసేసి మొదటినుంచి మళ్ళీ వేశాడు. ఆ తరువాత కొన్నేళ్ళకు ఈ పని కూడా కంప్యూటర్లే చేయసాగాయి. కంప్యూటరు వేసిన గీతలు ఎక్కువగా కొలబద్ద పెట్టినట్లు వాలుగా విరుగుతాయి. చేతితో అతికించినవి ఏటి వంపుల్లాగా ఒంపు తిరుగుతాయి. ఒకసారి చెబితే చాలు, మీరు కూడా చూడగానే ఏది ఏదో పోల్చుకోగలరు.

ఒకే ఒక కీబోర్డు మీద ఎవరో చేసిన ఏర్పాటు ఎంత దూరం పోతుందో చెబుతాను. 1976లో కాలిఫోర్నియాలో, లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ అనే చవక టెర్మినల్ చేసింది. ఖర్చు తగ్గాలని మీటలనూ తక్కిన భాగాలనూ ఒకే బోర్డు మీద మాటు వేశారు. బాణాల మీటలు నాలుగు విడిగా పెట్టలేదు. H, J, K, L అక్షరాల మీదనే బాణాల గుర్తులు అచ్చువేశారు. వేళ్ళమీద లెక్కపెట్టండి: H ఎనిమిదో అక్షరం. కంట్రోల్‌తో నొక్కితే 8. ఆస్కీ పట్టికలో 8 అంటే వెనక్కు జరుగు. J పదోది, 10 అంటే కిందికి జరుగు. అలా కుదిరింది ఆ ఏర్పాటు. ఆ టెర్మినల్ ముందు కూర్చుని బిల్ జాయ్ అనే విద్యార్థి బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో "వీఐ" అనే రాత సాధనం తయారుచేశాడు. అందులో తెరమీద కదలడానికి అవే నాలుగు అక్షరాలు వాడాడు. నేటికీ ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాటిని వాడుతున్నారు. ఆ కీబోర్డులోనే "హోమ్" అనే మాటా, అలలాగా ఉండే ~ గుర్తూ ఒకే మీట మీద ఉండేవి. అందుచేత ఇప్పటికీ ఎన్నో కంప్యూటర్లలో ఆ అల గుర్తుకు "నా ఇల్లు" అని అర్థం. మా అల్లుడు రోజూ ఆ గుర్తు కొడతాడు. ఎందుకని అడిగితే "అదంతే, మామయ్యగారూ" అన్నాడు. మీట బొమ్మ చూపించాక చాలాసేపు నవ్వుకున్నాడు.

2020 వసంతంలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఆ మ్యూజియం తలుపులు మూశారు. వ్యాధి తగ్గాక తెరుస్తారని అందరూ అనుకున్నారు. తెరవలేదు. 2024 జూన్‌లో, ఇక ఎన్నటికీ తెరవబోమని ప్రకటించారు. ఆ ఏడాదే చాలా వస్తువులను క్రిస్టీస్ అనే సంస్థ ద్వారా వేలం వేశారు. స్టీవ్ జాబ్స్ ఆఫీసులో ఉండిన ఆపిల్-1 ఒక్కటే 9 లక్షల డాలర్లకు పైగా పలికింది. కొన్నవారిని తప్పుపట్టను, వాళ్ళు వాటిని జాగ్రత్తగానే చూసుకుంటారు. కాని తొమ్మిది లక్షల డాలర్లు పోసి కొన్న పలకమీద ఎవరి మనవరాలిని టైపు చేయనిస్తారు?

పాత టెర్మినళ్ళకు ఇంకొక గండం కూడా ఉంది. వాటి మీటల స్పర్శ బాగుంటుందని కొందరు కీబోర్డు మాత్రమే ఊడదీసి తమ కంప్యూటరుకు తగిలించుకుంటారు. కీబోర్డు లేని టెర్మినల్ నోరులేనిదవుతుంది. చివరకు పాత ఇనుము వాడి దగ్గరికి పోతుంది. కొన్ని రకాల మీటల అడుగున స్పాంజి బిళ్ళలు ఉంటాయి. అవి వాడినా వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతాయి. ఓపిక ఉన్నవాళ్ళు ఒక్కొక్క బిళ్ళనే కత్తిరించి కొత్తవి వేస్తున్నారు.

మీ ఇంట్లోనో బడిలోనో పనిచేయని కీబోర్డు ఉంటే, పెద్దవాళ్ళను అడిగి, తీగ పీకి, వెనుక మరలు విప్పండి. (గాజుతెర ఉన్న పాత టెలివిజనూ టెర్మినలూ మాత్రం ఎన్నడూ విప్పకూడదు. కరెంటు తీసినా వాటిలో ప్రాణం తీసేటంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.) నేటి కీబోర్డులలో చాలావాటికి లోపల పలుచని ప్లాస్టిక్ పొరలు మూడు ఉంటాయి. పైపొర మీదా అడుగుపొర మీదా గీతలు. నడిమి పొరకు మీటల చోట రంధ్రాలు. దీపం ముందు పట్టుకుని ఒక మీట కింది చుక్క నుంచి గీత వెంట వేలు పోనివ్వండి. అది ఎక్కడ వంగి, దేన్ని తప్పించుకుని, ఏ అంచుకు చేరుతుందో చూడండి.